గింజలు పై అంతస్తులో, రెట్టలు కింది కూలర్ మీద

మే నెలలో రాయపూర్ ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ రోజుల్లో డాబాల మీద, పిట్టగోడల మీద నీళ్ళు నింపిన మట్టి మూకుళ్ళు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు వాటిని సకోరా అంటారు. పక్కనే గుప్పెడు బియ్యమో, జొన్నలో ఉంటాయి. రైల్వే ఉద్యోగాలకు, ఉక్కు పనులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళకూ ఇది కొత్త అలవాటేమీ కాదు. ఊళ్ళో చూరుకు కట్టిన వరి కంకులకు బదులు ఇక్కడ మూకుడు, అంతే.

ఇప్పుడు ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్ ఊహించుకుందాం. పై ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ. పిల్లలు దూరంగా ఉన్నారు. పొద్దున్నే బాల్కనీలో కిలో జొన్నలు చల్లుతారు. నిమిషాల్లో పావురాలు దిగుతాయి. సరిగ్గా కింది ఫ్లాట్ కిటికీకి బయట స్టాండు మీద కూలర్ ఉంది. ఆ ఇంట్లో ఆయాసంతో బాధపడే మనిషి ఒకరున్నారు. ఒకరోజు కింది ఇంటి కోడలు మెట్లెక్కి వచ్చి, “పిన్నిగారూ, మీ పావురాలు మా కూలరంతా పాడు చేస్తున్నాయండీ” అంటుంది. “నా పావురాలేమిటమ్మా, దేవుడి పావురాలు. నేను పెంచుతున్నానా?” అంటారు ఆవిడ.

వినడానికి ఇది మాటకు మాట. కానీ న్యాయశాస్త్రంలో ఈ ప్రశ్నకు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఎవరివీ కాని పక్షులు చేసిన నష్టానికి ఎవరు జవాబుదారీ? దీనికి జవాబు ఇవ్వాలంటే చట్టం ఒక్కటే చాలదు. పావురం ఎందుకు వస్తుందో, దాని రెట్ట ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో కూడా తెలియాలి.

కిలో జొన్నల లెక్క

ఒక పావురం రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు తింటుంది. అంటే కిలో గింజలు ముప్పైకి పైగా పావురాలకు పూర్తి భోజనం. ఒక్కో పావురం ఏడాదికి 10 నుంచి 12 కిలోల రెట్ట వేస్తుందని సాధారణంగా లెక్క వేస్తారు. రోజుకు చూస్తే అదీ 30 గ్రాముల చిల్లరే. ఇది మోటు లెక్కే, పైగా అదంతా ఒకే చోట పడదు. అయినా రోజూ కిలో గింజలు చల్లే చోటి చుట్టుపక్కల రోజూ కిలోకు దగ్గరగా రెట్ట చేరుతుందని అనుకోవచ్చు. గింజలు బాల్కనీలో పడతాయి. రెట్టలు మాత్రం పావురాలు తిన్నాక తీరుబడిగా కూర్చునే చోట పడతాయి. అవి సన్‌షేడ్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కూలర్ పైకప్పు. ఇవన్నీ ఎక్కువగా పక్కవాళ్ళవే.

పావురానికి మన అపార్ట్‌మెంట్లు అంత నచ్చడానికి కారణం ఉంది. నీలిపావురం అడవిలో కొండచరియల అంచుల మీద గూడు పెట్టే జాతి. మన సన్‌షేడ్లు, పైపుల సందులు దాని కంటికి కొండ అంచులే. రెండు గుడ్లు పెడుతుంది. పద్దెనిమిది రోజులు పొదుగుతుంది. పిల్లలకు మొదట పురుగులు వెతికి తేవాల్సిన పని లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు సంచిలో ఊరే పాల లాంటి పదార్థంతోనే అవి ఎదుగుతాయి. అందుకే గింజలు దొరికితే చాలు, ఏడాదిలో ఐదారు సార్లు కూడా పిల్లలు చేయగలదు. పిచ్చుక అలా కాదు, దాని పిల్లలకు పురుగులు కావాలి. మనం ఎంత జొన్న చల్లినా దాని వల్ల పిచ్చుక పిల్ల ఎదగదు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదికలో దేశంలోని చాలా జాతుల సంఖ్య తగ్గుతుంటే, పెరుగుతున్న కొద్ది వాటిలో పావురం ఒకటి కావడం ఆశ్చర్యమేమీ కాదు.

మరి తిండి ఆపేస్తే తగ్గుతాయా? దీనికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం మంచి ప్రయోగశాల అయింది. అక్కడ 1961 నుంచి 1985 వరకు దాదాపు లక్ష పావురాలను చంపారు. నగరంలో ఉన్నవి మాత్రం సుమారు ఇరవై వేల దగ్గరే నిలిచాయి. చచ్చినవాటి తిండి మిగిలింది కాబట్టి కొత్తవి ఆ ఖాళీని నింపాయి. 1988లో పద్ధతి మార్చారు. గింజలు వేయడం పావురాలకే ఎందుకు చెరుపో కరపత్రాలతో, పోస్టర్లతో ప్రజలకు చెప్పారు. పెట్టాలనుకునేవాళ్ళకు పావురాల గూళ్ళ దగ్గర కొన్ని చోట్లు కేటాయించారు. యాభై నెలల్లో సంఖ్య సగానికి పడిపోయింది. ఈ ఫలితం 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. మన హైదరాబాద్‌లో కొన్నేళ్ళ క్రితం నగరపాలక సంస్థ మొజంజాహీ మార్కెట్ దగ్గరి పావురాలను పట్టించి శ్రీశైలం అడవుల్లో వదిలింది. బాసెల్ అనుభవం ప్రకారం చూస్తే, తిండి పెట్టే చేతులు అక్కడే ఉన్నంత కాలం అది ఖాళీ చేసిన కుర్చీ లాంటిదే, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు.

కాబట్టి “వాటంతట అవే వస్తున్నాయి” అన్న మాట శాస్త్రం ముందు సగమే నిలుస్తుంది. ఒకటి రెండు వాటంతట అవి వస్తాయి. ముప్పై వచ్చేది గింజలకే.

ఊపిరితిత్తుల్లో జరిగేది

రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ యాసిడ్. మనం నత్రజని వ్యర్థాన్ని మూత్రంలో యూరియాగా పంపితే, పక్షులు నీరు ఆదా చేసుకుని ఈ ముద్దగా పంపుతాయి. ఇది నీటిలో దాదాపు కరగదు. అందుకే ఒక్క చెంబు నీళ్ళు కొడితే మరక పోదు. రాయపూర్ ఎండకు అది గంటల్లో ఎండి, పొడి అవుతుంది. ఈకల నుంచి రాలే మెత్తటి పిండి లాంటి ధూళి దానికి తోడవుతుంది.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. ఒక అంతస్తు ఎత్తు, అంటే 3 మీటర్లు అనుకుందాం. వెంట్రుక మందం ఉన్న 100 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో పది పదిహేను సెకన్లలో కిందికి చేరుతుంది. 10 మైక్రాన్ల రేణువుకు పావుగంట పైగా పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకు దాదాపు ఒక రోజు. గాలి కాస్త కదిలినా అసలు దిగదు. రేణువు పరిమాణం పదో వంతు అయితే అది దిగే వేగం దాదాపు నూరో వంతు అవుతుంది. అంటే కంటికి కనిపించే రెట్ట కన్నా, అది ఎండాక పైకి లేచే కనిపించని భాగమే ఎక్కువ సేపు గాలిలో ఉంటుంది. ముక్కు వెంట్రుకలను, గొంతు తేమను దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదులకు చేరేదీ అదే.

అక్కడ చేరిన పక్షి ప్రొటీన్లను కొందరి రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. తుమ్ములు తెప్పించే మామూలు అలర్జీ కాదిది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పీలుస్తుంటే గాలి గదుల గోడల్లో వాపు వస్తుంది. దీని పేరు హైపర్ సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాలు పెంచేవారిలో ఈ జబ్బును 1965లో అమెరికా వైద్యులు వర్ణించారు. మొదట పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చాలామంది వయసు అనుకుంటారు, ఆస్తమా అనుకుంటారు. కారణం తెలియక అదే గాలి పీలుస్తూ ఉంటే కొందరిలో ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కట్టిపోతుంది. ఆ మచ్చ మళ్ళీ మామూలు కణజాలంగా మారదు. తొందరగా గుర్తించి ఆ గాలికి దూరమైతే మాత్రం వాపు తగ్గే అవకాశం బాగుంటుంది. అందుకే ఛాతీ వైద్యులు స్కానింగుతో పాటు “ఇంటి దగ్గర పావురాలున్నాయా?” అని అడుగుతారు.

భారతదేశంలో ఈ జబ్బు ఎంత ఉందో చెప్పే పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. 19 నగరాల్లోని 27 కేంద్రాల్లో, ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతిన్న 1,084 మంది రోగులను పరిశీలించారు. వారిలో 47.3 శాతం మందికి హైపర్ సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఉన్నట్టు తేలింది. పాశ్చాత్య దేశాల లెక్కలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. రాయపూర్ పాఠకులు ఆగి చూడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆ జబ్బు ఉన్నవారిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలికి అలవాటుపడినవారు. కూలర్ తడి మెత్తల్లో బూజు, సూక్ష్మజీవులు పెరగడం దీనికి కారణం కావచ్చని పరిశోధకుల భావన. పక్షుల దగ్గర గడపడం కూడా ఆ కారణాల జాబితాలో ఉంది. ఇది సంబంధాన్ని చూపిన అధ్యయనమే తప్ప, ఏ ఒక్క రోగి విషయంలోనూ కారణాన్ని రుజువు చేసినది కాదు.

ఇప్పుడు కింది ఫ్లాట్ కూలర్‌ను మళ్ళీ చూడండి. గంటకు వేల ఘనపు మీటర్ల బయటి గాలిని లాగి గదిలోకి వదిలే యంత్రం అది. దాని పైకప్పు మీద రెట్ట ఎండుతోంది. చలికాలమంతా వాడకుండా వదిలేసిన కూలర్ కిందో, లోపలో పావురం గూడు పెట్టి ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారంలో పొడి చీపురుతో దులిపి, స్విచ్ వేస్తారు. ఆ ఇంట్లో ఏడాది మొత్తం మీద పక్షి ధూళి అత్యంత ఎక్కువగా పీల్చే రోజు బహుశా అదే. ముందు నీళ్ళు చల్లి తడిపి, ఎన్-95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, గీకి తీయడం సరైన పద్ధతి. పాత మెత్తలు పారేయాలి. దగ్గు, ఆయాసం ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి.

ఎండిన పావురం రెట్టలో క్రిప్టోకోకస్ అనే శిలీంధ్రం కూడా పెరుగుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అది మెదడు పొరల వాపు తేగలదు. ఆరోగ్యవంతులు దానికి బెంబేలెత్తాల్సిన పని లేదు. అసలు పావురాల దగ్గర ఉండేవారిలో ఎక్కువ మందికి ఏ జబ్బూ రాదు. ఈ మాట పై ఫ్లాట్ పెద్దావిడ వాదనకు బలం. కానీ కోర్టుకు వెళ్తే ఆమెను రక్షించేది కాదు. ఎందుకో చూద్దాం.

కుందేళ్ళు, నెమళ్ళ చుట్టాలు, పావురాలు

పొరుగువాడి పని వల్ల మన ఇంట్లో మనం సుఖంగా ఉండలేకపోతే చట్టం దాన్ని న్యూసెన్స్ అంటుంది. మన దేశంలో ప్రైవేటు న్యూసెన్స్‌కు ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఇంగ్లండ్ కోర్టుల్లో పెరిగిన సూత్రాలనే మన కోర్టులు అనుసరిస్తూ వచ్చాయి. 1597లో అక్కడ ఒక కేసు వచ్చింది. ఒకతను తన నేలలో కుందేళ్ళకు బొరియలు కట్టించాడు. అవి పెరిగి పక్కవాడి పంట తిన్నాయి. కోర్టు దావా కొట్టేసింది. గట్టు దాటిన కుందేలు ఎవరిదీ కాదు కాబట్టి యజమానికి బాధ్యత లేదంది. మన పెద్దావిడ చెప్పిన జవాబు అచ్చం ఇదే.

దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత, 1885లో, నెమలి కుటుంబానికే చెందిన ఫెజంట్ పక్షుల మీద కేసు వచ్చింది. వేట హక్కు ఉన్న వ్యక్తి సహజంగా ఉండేవాటి కన్నా చాలా ఎక్కువ ఫెజంట్లను తెచ్చి చేర్చాడు. అవి పక్క కౌలు రైతు పంటను తిన్నాయి. ఈసారి కోర్టు బాధ్యత ఉందంది. 1949లో మళ్ళీ అవే పక్షులు, కానీ ఈసారి అనుకూల వాతావరణం వల్ల వాటంతట అవే విపరీతంగా పెరిగాయి. భూయజమానికి బాధ్యత లేదని తీర్పు. ఈ రెండు తీర్పులు పక్కపక్కన పెడితే గీత స్పష్టంగా కనిపిస్తుంది. పక్షి ఎవరిదన్నది కాదు ప్రశ్న. సహజంగా రానంత సంఖ్యలో వాటిని అక్కడికి రప్పించింది ఎవరు? కిలో జొన్నల లెక్క ఇక్కడ సాక్ష్యంగా మారుతుంది.

మన దేశంలో ఇలాంటి తగువు తీర్పు దాకా వెళ్ళిన కేసు ముంబైలోని వర్లీది. పై ఫ్లాట్ వారు కిటికీ బయట లోహపు పళ్ళెం లాంటిది బిగించి పక్షులకు గింజలు, నీళ్ళు పెట్టేవారు. కింది ఫ్లాట్ వారి కిటికీల మీద రెట్టలు, గింజలు, పురుగులు, దుర్వాసన. 2011లో దావా వేశారు. 2021లో సిటీ సివిల్ కోర్టు అది న్యూసెన్సేనని చెప్పి, అక్కడ పక్షులకు తిండి పెట్టకుండా శాశ్వత నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. పదేళ్ళు పట్టిందన్న సంగతి ఇరుపక్షాలూ గుర్తుంచుకోవలసినదే.

న్యూసెన్స్ దావాలో జబ్బును రుజువు చేయడం తప్పనిసరి కాదు. ఇంట్లో మామూలుగా బతకడానికి చెప్పుకోదగ్గ, ఎడతెగని ఆటంకం కలిగిందని చూపితే చాలు. కిటికీ తెరవలేకపోవడం, బట్టలు ఆరేసుకోలేకపోవడం, వాసన కూడా లెక్కలోకి వస్తాయి. జబ్బు వచ్చిందని నష్టపరిహారం అడిగితే మాత్రం కథ వేరు. ఆ జబ్బు ఆ పావురాల వల్లే వచ్చిందని వైద్య సాక్ష్యంతో చూపాలి. రోగి ఇంట్లో కూలరూ ఉంది, వీధిలో వేరే పావురాలూ ఉన్నాయి. ఏ రేణువు ఎక్కడిదో ఊపిరితిత్తి చెప్పదు. అందుకే వైద్యుడికి ముఖ్యమైన ప్రశ్న, కోర్టుకు తేల్చలేని ప్రశ్న అవుతుంది. నా ఉద్దేశంలో ఇలాంటి తగువుల్లో రోగం మీద వాదించడం కన్నా రెట్టల ఫొటోలు, తేదీలు దాచుకోవడం ఎక్కువ ఉపయోగం.

ఇబ్బంది ఒక ఇంటికి కాక పేటకంతా అయితే అది పబ్లిక్ న్యూసెన్స్. భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ దాన్ని నిర్వచిస్తుంది. ప్రాణాంతక వ్యాధి వ్యాపించే ప్రమాదమున్న నిర్లక్ష్యపు పనికి 271వ సెక్షన్ ఉంది. నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు న్యూసెన్స్ తొలగించమని ఆదేశించవచ్చు. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షనే. రాయపూర్ అప్పట్లో భాగమైన మధ్యప్రదేశ్‌లోనే, రత్లాం పట్టణపు మురుగు కాలువల మీద 1980లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌తోనే మున్సిపాలిటీని కదిలించింది. ఆ తీర్పు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసినది.

పేటకంతా సంబంధించిన పావురాల గొడవకు తాజా ఉదాహరణ కూడా ముంబైదే. 2025 జులైలో నగరంలోని 51 పావురాల దాణా కేంద్రాలను మూయించాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. నిషేధాన్ని ధిక్కరించి గింజలు వేసేవారిపై కేసులు పెట్టమని బాంబే హైకోర్టు చెప్పింది. ఆగస్టులో దాదర్‌లో కప్పిన టార్పాలిన్‌ను ఆందోళనకారులు చించేశారు. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. హైకోర్టు నిపుణుల కమిటీ వైపు మొగ్గింది. జీవుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ(జి) చెప్తుందని ఒక పక్షం. 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో ఆరోగ్యం కూడా ఉందని ఇంకో పక్షం. రెండూ నిజమే. కరుణ విధి అయినంత మాత్రాన దాని ఖర్చు పక్కింటి ఊపిరితిత్తులు భరించాలని అర్థం కాదు.

అలాగని కింది ఫ్లాట్ వారికి అన్ని దారులూ తెరిచి లేవు. విషం పెట్టడం, పిల్లలున్న గూడును విసిరేయడం నేరం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంతో పాటు, జంతువును చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. సొంత బాల్కనీకి వల కట్టుకోవచ్చు. కోర్టుకు ముందు జిల్లా న్యాయ సేవల సంస్థ దగ్గరకు వెళ్ళవచ్చు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న పరిష్కారానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. కోడలు, పిన్నిగారు రోజూ ఒకే మెట్లు ఎక్కి దిగాల్సినవాళ్ళు. వాళ్ళకు పదేళ్ళ దావా కన్నా ఇదే నయం.

ఆ పరిష్కారంలో ఏం రాసుకోవచ్చు? గింజలు తగ్గించి నీళ్ళు ఉంచడం మొదటిది. రాయపూర్ ఎండలో పక్షికి నిజంగా కరువైనది నీరే. మూకుడును రోజూ తోమాలి. ఒకే పళ్ళెం చుట్టూ పక్షులు మూగితే జబ్బులు వాటికీ అంటుకుంటాయి. బ్రిటన్‌లో 2005 తర్వాత పెరటి దాణా పళ్ళేల దగ్గర వ్యాపించిన ట్రైకోమోనాస్ పరాన్నజీవి వల్ల గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టల సంఖ్య దారుణంగా పడిపోయింది.

పెట్టే గింజలను చల్లకుండా వేలాడదీయడం రెండోది. దీనికి ఛత్తీస్‌గఢ్‌లో ఎప్పటి నుంచో సాధనం ఉంది. దీపావళి రోజుల్లో బజార్లలో వరి కంకులను జడలా అల్లిన ఝాలర్లు అమ్ముతారు, గుమ్మానికి కడతారు. గోదావరి జిల్లాల్లో చూరుకు కట్టే వరి కుచ్చు దీనికి అక్కచెల్లెలే. పిచ్చుక బరువు 25 గ్రాములు, ఊగే కంకిని కాళ్ళతో పట్టుకుని తలకిందులుగానైనా తింటుంది. పావురం 300 గ్రాముల పైనే ఉంటుంది, చదునైన చోట నిలబడి ఏరుకుని తినడమే దానికి అలవాటు. కంకి మీద వాలబోతే అది ఊగుతుంది, వంగుతుంది, పావురం జారిపోతుంది. కుచ్చు కింద ఒక వెడల్పు పళ్ళెం పెట్టి, రాలిన గింజలను చీకటి పడేలోగా ఎత్తేస్తే పావురాలకు ఏరుకోవడానికి ఏమీ మిగలదు, ఎలుకలూ రావు.